చలానా కట్టేస్తే బాకీ తీరిందా?



ఆదివారం దివ్యబలి పూజ ముగిశాక గుడి ముందు చెట్టు కింద నిలబడి నలుగురితో మాట్లాడడం విచారణ గురువులందరికీ అలవాటే. పూజలో మనం చెప్పిన ప్రసంగం జనం మరచిపోవచ్చు గాని, ఆ చెట్టు కింద వారు అడిగిన ప్రశ్నలు మాత్రం మనల్ని వారం రోజులు వెంటాడుతాయి.

ఆ వారం నేను ఐదవ ఆజ్ఞ గురించి మాట్లాడాను. నరహత్య అంటే కత్తితో పొడవడం మాత్రమే కాదనీ, మితిమీరిన వేగంతో బండి నడపడం కూడా ఆ ఆజ్ఞ కిందికే వస్తుందనీ చెప్పాను. పూజ అయ్యాక ఒక యువకుడు దగ్గరికి వచ్చి తన సెల్‌ఫోన్ చూపించాడు. అందులో ట్రాఫిక్ పోలీసులు పంపిన చలానా వుంది. వెనుక నుంచి తీసిన అతని ఫొటో, బండి నంబరు, చోటు, సమయం, వేగం అన్నీ వున్నాయి. జరిమానా వెయ్యి రూపాయలు, దానిమీద సర్వీసు చార్జీ ముప్పై అయిదు.

"నిన్ననే కట్టిన ఫాదర్. ఇగ సర్కారుకు నేను ఒక్క పైసా బాకీ లేను. మరి పాపమేంది?" అన్నాడు.

చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కాని గదికి వచ్చాక ఆలోచిస్తే, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. అతను తెలిసో తెలియకో నాలుగు వందల ఏళ్ళ నాటి ఒక పెద్ద తత్త్వచర్చను మన గుడి వాకిట్లోకి తెచ్చాడు. అతనికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు మీ అందరి ముందు చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

పాపమా, పట్టుబడడమా?

ముందుగా మన అలవాట్లు చూసుకుందాం. ఎదురుగా వచ్చే బండివాడు హెడ్‌లైటు రెండుసార్లు కొడతాడు. అంటే ముందు పోలీసులున్నారని సంకేతం. మనం వేగం తగ్గిస్తాం. మోచేతికి వేలాడుతున్న హెల్మెట్ తలమీదికి వస్తుంది. పోలీసుల జీపు దాటి అర కిలోమీటరు పోగానే హెల్మెట్ మళ్ళీ మోచేతికి, ముల్లు మళ్ళీ ఎనభైకి! కొందరు నంబరు ప్లేటు వంచేస్తారు. కొందరు దానిమీద గుడ్డ కడతారు. కొందరు ఫాదర్ గారికి ఫోను చేసి, "ఎస్.ఐ. గారు మీకు తెలుసు గదా, ఒక్క మాట చెప్పండి" అంటారు. రోడ్డు పక్క రశీదు లేకుండా రెండు వందలు చేతిలో పెట్టి బయటపడేవారూ వున్నారు.

ఇవన్నీ చేసేవారు చెడ్డవారేమీ కాదు. ఆదివారం పూజకు వచ్చేవారే, తపస్సు కాలంలో ఉపవాసం వుండేవారే. పొరుగువాడి గట్టు జానెడు జరపడం పాపమని వీరికి తెలుసు. అబద్ధ సాక్ష్యం పాపమని తెలుసు. రోడ్డుమీద హద్దు దాటడం మాత్రం పాపాల పట్టికలో ఎందుకో చేరలేదు. అక్కడ తప్పు అంటే పట్టుబడడమే. పట్టుబడకపోతే తప్పు లేదు, పట్టుబడినా డబ్బు కట్టేస్తే తప్పు లేదు. ఆ యువకుడు అడిగింది సరిగ్గా ఇదే.

పాత పుస్తకాల్లో ఒక తలుపు

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు 'కేవల శిక్షాచట్టం' అనే భావనను బోధించారు. కొన్ని చట్టాలు మనస్సాక్షిని కట్టివేయవు, వాటిని మీరితే దండన భరించడానికి సిద్ధపడితే చాలు, పాపం అంటదు అనేది దాని సారాంశం. దీనికి మూలం సన్యాస మఠాల్లో కనబడుతుంది. 13వ శతాబ్దంలో పునీత దోమినిక్ సభవారు తమ నియమావళి గురించి ఒక మాట స్పష్టం చేసుకున్నారు. మౌనం పాటించడం, సమయానికి రావడం వంటి నియమాలను ఒక సహోదరుడు మీరితే అతడు ప్రాయశ్చిత్తం చేయాలి గాని, ఆ మీరడమే పాపమని భయపడనక్కరలేదన్నారు. ఇది ఎంతో దయగల ఏర్పాటు. చిన్న పొరపాటుకు ఆత్మ నలిగిపోకూడదని వారి ఉద్దేశం.

తర్వాతి కాలంలో వేదాంతులు ఈ భావనను మఠం గోడలు దాటించి రాజ్యచట్టాలకు కూడా వర్తింపజేశారు. స్పెయిన్ దేశపు ఫ్రాన్సిస్ సభ గురువు అల్ఫోన్సో ది కాస్ట్రో 1550లో శిక్షాచట్టాల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. యేసు సభకు చెందిన సువారెజ్ 1612లో చట్టాల గురించి వ్రాసిన గ్రంథంలో ఇటువంటి చట్టాలు వుండడానికి వీలుందని వాదించాడు. అడవిలో కట్టెలు కొట్టడం, సరిహద్దులో సుంకం ఎగవేయడం వంటి వాటికి ఈ వాదాన్ని వాడుకున్నారు. 'దొరికితే కడతాను, దొరకకపోతే నా అదృష్టం' అనే మాటకు అలా ఒక శాస్త్రీయమైన తలుపు తెరుచుకుంది.

మన యువకుడు ఆ పుస్తకాలు చదవలేదు. అయినా అదే తలుపులోంచి బయటికి నడిచాడు. మరి ఆ తలుపు వేగానికి వర్తిస్తుందా?

వర్తించదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. మఠంలో మౌనం తప్పిన సహోదరుడి వల్ల ఎవరి కాలూ విరగదు. ఒక నియమం వెనుక కేవలం క్రమశిక్షణ మాత్రమే వుంటే, దండనతో లెక్క సరిపోతుందని అనుకోవచ్చు. నియమం వెనుక ఒక మనిషి నిలబడి వుంటే మాత్రం సరిపోదు. పునీత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ 13వ అధ్యాయంలో అధికారులకు లోబడమని చెబుతూ, అది శిక్ష భయంవల్ల మాత్రమే కాక మనస్సాక్షి నిమిత్తం కూడా జరగాలన్నాడు. అదే అధ్యాయంలో కొన్ని వాక్యాల తర్వాత, పొరుగువానికి కీడు చేయని ప్రేమలోనే ధర్మశాస్త్రమంతా నెరవేరుతుందని వ్రాశాడు. ఈ రెండు మాటలూ ఒకేచోట వుండడం గమనించండి. చట్టం మనస్సాక్షిని తాకేది పొరుగువాని ద్వారానే.

రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన 'నేటి ప్రపంచంలో శ్రీసభ' అనే పత్రం 30వ సంఖ్యలో రోడ్ల మీది వేగపరిమితుల ప్రస్తావన నేరుగా వుందంటే మీలో చాలామందికి ఆశ్చర్యం కలగవచ్చు. అటువంటి నియమాలను చులకన చేసేవారు తమ ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ ప్రమాదంలో పెడుతున్నామని గ్రహించడం లేదని మహాసభ పితరులు హెచ్చరించారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2290వ సంఖ్యలో తాగి నడపడాన్నీ, వేగం మీది వ్యామోహంతో ఇతరులకు అపాయం తేవడాన్నీ ఘోరమైన అపరాధంగానే ఎంచారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. అపాయం జరిగితేనే అపరాధమని అక్కడ లేదు. అపాయంలోకి నెట్టడమే అపరాధం. నూతిగట్టు మీద పసివాణ్ణి కూర్చోబెట్టి ఆటలాడినవాడు, బిడ్డ పడకపోయినా తప్పు చేసినట్టే గదా!

వేగం చేసే పని

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఎవరో కనబడి, అది మన మెదడుకు అందేలోపు, చెయ్యి బ్రేకు మీద పడేలోపు ఆ సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పట్టకముందే మనం 17 మీటర్లు పోయాం. వేగం రెండింతలైతే బండిలోని దెబ్బకొట్టే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. సగటు వేగం నూటికి ఒక పాలు పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నూటికి నాలుగు పాళ్ళు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి లాభమెంత? 45 కిలోమీటర్ల ప్రయాణాన్ని 60 వేగంతో చేస్తే 45 నిమిషాలు. 80తో చేస్తే 34 నిమిషాలు. పదకొండు నిమిషాలు మిగిలాయి. ఆ పదకొండు నిమిషాలతో మనం ఇంటికి పోయి ఏం చేస్తాం? టీవీ ముందు కూర్చుంటాం.

కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజుకు 460 మందికి పైగా. ఆ మరణాల్లో నూటికి 70కి పైగా మితిమీరిన వేగం ఖాతాలో వేశారు. పోయినవారిలో ఎక్కువమంది ద్విచక్ర వాహనాలవారు, నడిచిపోయేవారు. అంటే పేదవారు, మధ్యతరగతివారు.

డబ్బున్నవారికీ ఇందులో మినహాయింపు లేదు. 2003లో నటుడు బాబూమోహన్, 2010లో నటుడు కోట శ్రీనివాసరావు, 2011లో క్రికెటర్ అజారుద్దీన్ మోటారు సైకిలు ప్రమాదాల్లో చెట్టంత కొడుకులను పోగొట్టుకున్నారు. ఆ తండ్రుల దుఃఖాన్ని మనమంతా పత్రికల్లో చూశాం. ఎంత పెద్ద మొత్తమైనా కట్టగలవారే, కాని దానికి కౌంటరు ఎక్కడుంది?

దండన వెలగా మారితే

మన పెద్దలకాలపు మాటలు రెండు గుర్తు చేస్తాను. ఊరి పంచాయతీలో ఎవరైనా నేరం చేస్తే 'తప్పు కట్టు' అనేవారు. చేసిన పనికీ, కట్టే డబ్బుకూ ఒకటే మాట, తప్పు. డబ్బు కడుతూ మనిషి తన తప్పును నోటితో ఒప్పుకుంటున్నాడు. ఇంకో మాట 'దండుగ'. దాని అసలు అర్థం జరిమానాయే. ఇప్పుడు 'దండగ' అంటే వృథా ఖర్చు అని మాత్రమే మనకు తోస్తుంది. ఆ ఒక్క మాట నడిచిన దారిలోనే మన మనస్సాక్షి కూడా నడిచిందేమో! తప్పు కట్టిన మనిషి తల వంచుకొని ఇంటికి పోయేవాడు. దండగ కట్టిన మనిషి విసుక్కుంటూ పోతాడు.

దీని గురించి ఒక ప్రసిద్ధమైన పరిశీలన వుంది. ఇశ్రాయేలు దేశంలోని హైఫా నగరంలో పసిపిల్లలను పగటిపూట చూసుకొనే కేంద్రాలున్నాయి. సాయంత్రం తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తే అక్కడి టీచర్లు కాచుకొని వుండాలి. నీజీ, రుస్తికీనీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు పది కేంద్రాలను ఎంచుకొని, ఆరింటిలో ఆలస్యానికి చిన్న జరిమానా పెట్టించారు. వారి ఫలితాలు 2000లో వెలువడ్డాయి. జరిమానా పెట్టిన చోట ఆలస్యంగా వచ్చేవారు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యారు! అంతకుముందు 'పాపం, టీచరమ్మ కాచుకొని వుంటుంది' అనే మొహమాటం వుండేది. ఇప్పుడు 'డబ్బు కడుతున్నాం గదా' అనే ధైర్యం వచ్చింది. ఇంకా విచారించదగిన సంగతేమిటంటే, జరిమానా ఎత్తివేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు.

మన దగ్గర జరిగింది కూడా చూడండి. తెలంగాణలో పేరుకుపోయిన చలానాలు వసూలు చేయడానికి పోలీసు శాఖ 2022 మార్చిలో రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు నూటికి 75 తగ్గింపు. 2023 డిసెంబరు చివర మళ్ళీ ప్రకటించింది, ఈసారి 80 తగ్గింపు. లక్షలాదిమంది కట్టారు. బీదవాడికి భారం తగ్గింది, ఖజానాకు డబ్బు వచ్చింది, ఆ మేలు నేను కాదనను. కాని దసరాకు బట్టల దుకాణంలో తగ్గింపు వచ్చినట్టు తప్పుకు తగ్గింపు వచ్చినప్పుడు, మనిషి మనసులో ఏ పాఠం నాటుకుంటుంది? మొదటి చలానాకే వెంటనే కట్టినవాడు తెలివితక్కువవాడయ్యాడు. ఆగినవాడు తెలివైనవాడయ్యాడు. 'ఇంకోసారి కూడా తగ్గిస్తారులే' అని ఇప్పుడు ఎదురుచూస్తున్నవారు మన విచారణలోనే వున్నారు.

సువిశేషంలో జక్కయ్య ఏం చేశాడు? ఎవరినైనా మోసగించి వుంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మనం నాలుగో వంతు కట్టి పండగ చేసుకుంటున్నాం. జక్కయ్యను ఎవరూ చలానా అడగలేదని కూడా మరచిపోవద్దు. ప్రభువు అతని ఇంటికి వచ్చాడు, తన చేత నష్టపోయినవారు అతనికి జ్ఞాపకం వచ్చారు. అతని చెల్లింపు ఆ జ్ఞాపకంలోంచి వచ్చింది.

పాలకుల బాకీ

ఇక్కడ మీలో కొందరు నన్ను ఆపుతారు. "ఫాదర్ గారూ, మమ్మల్నే అంటున్నారు. చెట్టుచాటున నిలబడి ఫొటో తీసేవారిని అనరేం?" అంటారు. న్యాయమైన ప్రశ్నే.

పునీత తోమాసు అక్వినాసు చట్టానికి ఇచ్చిన నిర్వచనంలో నాలుగు అంశాలున్నాయి. చట్టం బుద్ధికి సమ్మతమైన ఏర్పాటు కావాలి. అందరి మేలు కోసం వుండాలి. సమాజపు బాధ్యత వహించేవారు చేయాలి. ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. ఈ కొలబద్దతో చూస్తే పాలకులకు కూడా కొన్ని ప్రశ్నలు పడతాయి. వేగపరిమితి బోర్డు తుమ్మకొమ్మల వెనుక దాగి వుంటే అది ప్రకటించినట్టా? ప్రమాదాలు జరిగే మలుపును వదిలి, తిన్నని ఖాళీ రోడ్డుమీద, బండ్లు సులువుగా దొరికే చోట కెమెరా పెడితే అది ప్రాణాల కోసమా, పైకం కోసమా? ఊరి దగ్గర వీధిదీపాలు లేకుండా, రోడ్డు దాటే దారి లేకుండా హైవే వేసి, చివరికి తప్పంతా బండివాడిదే అంటే ఒప్పుతుందా? రశీదు లేకుండా తీసుకున్న రెండు వందల గురించి చెప్పనే అక్కరలేదు. అది లంచం. తీసుకున్నవాడిదీ పాపమే, ఇచ్చినవాడిదీ పాపమే.

భారం సమంగా పంచకపోతే చట్టం న్యాయం తప్పుతుందని కూడా అదే పునీతుడు చెప్పాడు. వెయ్యి రూపాయలు కూలిమనిషికి రెండు మూడు రోజుల కష్టం. పెద్దకారులో పోయేవాడికి ఒకపూట హోటలు ఖర్చు. ఒకే జరిమానా ఒకరికి దండన, ఇంకొకరికి రోడ్డు అద్దె. ఫిన్లండ్ దేశంలో పెద్ద ఉల్లంఘనలకు మనిషి ఆదాయాన్నిబట్టి జరిమానా వేస్తారు. 2002లో నోకియా సంస్థ ఉన్నతాధికారి ఒకరికి, 50 కిలోమీటర్ల హద్దు వున్న చోట 75 వేగంతో మోటారు సైకిలు నడిపినందుకు 1,16,000 యూరోల జరిమానా పడింది. అతని ఆదాయం తగ్గిందని తేలాక దాన్ని బాగా తగ్గించారనుకోండి. ఆ పద్ధతి మనకు సరిపోతుందో లేదో పెద్దలు ఆలోచించాలి. అందులోని న్యాయం మాత్రం ఆలోచించదగినది.

ఇవన్నీ నిజమే. అయితే ఒక్కటి అడుగుతాను. పోలీసువాడు లంచగొండి అయినందువల్ల, మీ బండి ముందు రోడ్డు దాటే ముసలమ్మ ఎముకలు గట్టిపడతాయా? కెమెరా తప్పుచోట పెట్టినందువల్ల, బడి ముందు మీ వేగం ఒప్పవుతుందా? అన్యాయంగా వేసిన చలానా మీద ఫిర్యాదు చేయండి, అది పౌరుడిగా మీ హక్కు. వేగం తగ్గించవలసిన బాధ్యత దానితో మాఫీ కాదు. ఎందుకంటే ఆ బాధ్యత పోలీసువాడికి పడ్డది కాదు.

నా చలానా

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా పరిసయ్యుని ఉపదేశమవుతుంది.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మొదటి పూజ ఆలస్యమైంది. పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊళ్ళో జనం రెండవ పూజ కోసం ఎదురుచూస్తున్నారు. బండి తీసుకొని బయలుదేరాను. మంగళవారం నా సెల్‌ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నా మనసులోకి మొదట వచ్చిన మాట, 'దేవుని పని మీద పోతున్నాను గదా!' రెండవ మాట, 'ఎవరికి ఫోను చేస్తే ఇది పోతుంది?' ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

ఆపద్ధర్మం అనేది వుంది. ప్రాణం పోతున్న మనిషిని ఆసుపత్రికి చేర్చేవాడి విషయం వేరు. కాని నాది ఆపద కాదు, ఆలస్యం. ఆ ఊరివారు ఇంకో పదినిమిషాలు జపమాల చెప్పుకొని వుండేవారు. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో గాయపడ్డవాణ్ణి దాటిపోయిన యాజకుడు కూడా దేవుని పని మీదే పోతూ వుండవచ్చు.

చివరికి డబ్బు కట్టాను. కట్టేముందు ఆ ఫొటోను ఒకసారి పెద్దది చేసి చూశాను. మధ్యలో నా బండి, నా వీపు. ఎడమ పక్క, రోడ్డు అంచున, నెత్తిన గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి వున్నారు. నేను దాటిపోతే రోడ్డు దాటుదామని ఆగినవారు. ఆ రోజు నేను వారిని చూసిన జ్ఞాపకమే లేదు. కెమెరా చూసింది, నేను చూడలేదు. చలానా మీద నా పేరు వుంది, నంబరు వుంది, చెల్లించవలసిన శాఖ పేరు వుంది. ఆ ఇద్దరి పేర్లు లేవు. నేను ఎవరిని అపాయంలో పెట్టానో వారికి ఒక్క రూపాయీ పోలేదు, ఒక్క క్షమాపణా పోలేదు. సర్కారుకు నా బాకీ తీరింది. వారికి?

ఆ యువకుడి ప్రశ్నకు జవాబు నాకు ఆ ఫొటోలోనే దొరికింది. ఆదివారం చెట్టు కింద అది వెంటనే తోచలేదు, అంతే.

కట్టాల్సింది కట్టిన తర్వాత

మా దగ్గర జరిగిన ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఇరువైపులవారూ వ్రాయమన్నారు గనుక వ్రాస్తున్నాను. పేర్లు వద్దు.

ఇంటర్ చదివే ఒక అబ్బాయి మునిమాపు వేళ బండి మీద వేగంగా వస్తూ, పత్తి ఏరి ఇంటికి పోతున్న ఒక ముసలమ్మను గుద్దాడు. ఆమె బతికింది గాని తుంటి విరిగింది. మళ్ళీ నడవలేకపోయింది. అబ్బాయి తండ్రి మంచివాడు. ఆసుపత్రి ఖర్చంతా భరించాడు. పెద్దమనుషుల్లో కూర్చొని కొంత సొమ్ము కూడా ఇచ్చాడు. నేను ఆ తండ్రితో, "అబ్బాయిని ఒకసారి ఆమె దగ్గరికి తీసుకుపోరాదూ?" అన్నాను. ఆయన నొచ్చుకొని, "కట్టాల్సింది కట్టినం గద ఫాదర్. ఇంక ఏం బాకీ వుంది?" అన్నాడు. అదే మాట! ఆయనలో కాఠిన్యం ఏమీ లేదు. బాకీ అంటే డబ్బే అని మనమంతా అనుకుంటున్నట్టే ఆయనా అనుకున్నాడు.

ప్రతినెలా మొదటి శుక్రవారం నేను ఆ ముసలమ్మకు దివ్యసత్ప్రసాదం తీసుకుపోతాను. ప్రతిసారీ ఆమె, "ఆ పిలగాడు ఎట్లున్నడు? పరీక్షలు పాసయ్యిండా?" అని అడిగేది. ఈ మాట నేను వెళ్ళి అబ్బాయికి చెప్పాను. అతను ఏమీ అనలేదు. రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం నాతో వచ్చాడు. లోపలికి రాలేక అరుగు మీదే కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక ఆమె లోపలి నుంచే పిలిచింది. అతను వచ్చి మంచం పక్కన నిలబడి, "తప్పయింది అవ్వా" అన్నాడు. ఆమె కాసేపు అతన్ని చూసి, "బిందెల నీళ్ళు లేవు బిడ్డా, జర తెచ్చిపెట్టు" అంది. అతను బిందె తీసుకొని బోరింగు దగ్గరికి పోయాడు.

ఇప్పటికీ వారానికి రెండుసార్లు పోయి నీళ్ళు తెచ్చిపెడతాడు. ఏ చలానాలోనూ ఆ బాకీ వ్రాసి లేదు. అతని బండి ముల్లు ఇప్పుడు యాభై దాటదని అతని స్నేహితులే నాతో అన్నారు. అక్కడ కెమెరా వుందా లేదా అని అతను చూడడట.

అయితే మనం చేయవలసిందేమిటి?

చలానా వస్తే కట్టండి, తగ్గింపు కోసం ఆగకండి. సిఫారసు కోసం గురువుల దగ్గరికి రాకండి. మేం కూడా ఫోను చేయకూడదు. కట్టేటప్పుడు ఆ ఫొటోను ఒక నిమిషం చూడండి. ఆ రోడ్డు మీద ఆ వేళ ఎవరెవరు నడుస్తూ వుంటారో తలచుకొని, వారికోసం ఒక పరలోక జపం చెప్పండి. పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధన చేసుకునేటప్పుడు ఐదవ ఆజ్ఞ దగ్గర 'నేను ఎవరినీ చంపలేదు' అని తొందరగా దాటిపోకుండా, 'ఈ నెలలో నా బండి ఎవరిని భయపెట్టింది?' అని అడుగుకోండి.

తల్లిదండ్రులారా, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడి చేతికి బండి తాళం ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా వున్నాయి. అయినా జైలుకు భయపడి ఇవ్వకండి అని నేను చెప్పడం లేదు. ఆ పిల్లవాణ్ణీ, వాడి ఎదురుగా నడిచివచ్చేవారినీ దేవుడు మీకు అప్పగించాడు గనుక ఇవ్వకండి.

చెట్టు కింద నన్ను ప్రశ్న అడిగిన తమ్ముడా, నువ్వు ఈ పత్రిక చదువుతావని నాకు తెలుసు. సర్కారుకు నీ బాకీ తీరింది, నిజమే. నీ ఫోనులో ఆ ఫొటో ఇంకా వుంటే ఒకసారి పెద్దది చేసి చూడు. రోడ్డు అంచున ఎవరైనా నిలబడి వున్నారేమో చూసి, వచ్చే ఆదివారం నాకు చెప్పు.

రోడ్ల మీద నడిచే, నడిపే మనందరినీ ప్రభువు కాపాడుగాక. ఆమెన్.